ప్రశాంతత కోసమైతే దీవికి రావద్దు

ఐర్లండ్ పడమటి కొసన గ్రేట్ బ్లాస్కెట్ అనే దీవి ఉంది. ఒడ్డుకీ దానికీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఎండ కాసిన రోజున ఇటు నుంచి చూస్తే అటు ఇళ్ళు కనిపిస్తాయి. 1953 నవంబరులో అక్కడ మిగిలిన 22 మందినీ ప్రభుత్వం ఇవతలి ఒడ్డుకు తెచ్చేసింది. ఆ ఊరి కథ అంతటితో సరి.

దక్షిణ అట్లాంటిక్ నడిసముద్రంలో ట్రిస్టన్ డ కూన్యా అని ఇంకో దీవి. దానికి అన్నిటికన్నా దగ్గరగా మనుషులుండే చోటు సెయింట్ హెలీనా. ఆ దగ్గరే 2,400 కిలోమీటర్లు. విమానాలు దిగవు. కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం ప్రయాణం. 1961లో ఊరి పక్కనే అగ్నిపర్వతం బద్దలైతే ఊళ్ళో ఉన్న అందరినీ, సుమారు 260 మందిని, ఇంగ్లండ్ తీసుకెళ్ళి ఓ పాత సైనిక శిబిరంలో ఉంచారు. అక్కడ ఉద్యోగాలు దొరికాయి, జీతాలొచ్చాయి. ఆసుపత్రి దగ్గర, బస్సు దగ్గర. అయినా ఎక్కువకాలం నిలవలేదు. ఓటింగు పెట్టుకుంటే, తిరిగి వెళ్దామన్నవాళ్ళు 148 మంది, ఉండిపోదామన్నవాళ్ళు 5గురు. 1963లో వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు కొన్ని కుటుంబాలు మళ్ళీ ఇంగ్లండ్ వచ్చేసిన మాట నిజమే. కానీ ఊరు మాత్రం ఈనాటికీ ఉంది, అందులో రెండొందల మందికి పైగా ఉన్నారు.

రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు ఊరు ఖాళీ చేశారు. 2,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు పట్టుబట్టి వెనక్కి వెళ్ళారు. రద్దీ పట్నంలో ఉండాలా, దీవి మీద పల్లెటూళ్ళో ఉండాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళు ముందుగా ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా కోరిక. అందరం మొదట లెక్కేసేది దూరాన్నీ నిశ్శబ్దాన్నీ. ఒక ఊరు మనిషికి నిలవడానికి పనికొస్తుందా లేదా అన్నది వాటిని బట్టి తేలదు.

నేను చాలాకాలం రద్దీ పట్నంలో బతికాను. ఇప్పుడు దీవి మీద చిన్న ఊళ్ళో ఉంటున్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అనే మాట "హాయిగా ప్రశాంతంగా ఉంటుంది కదూ!" అని. ఆ వెంటనే రెండో మాట, "మేమూ అన్నీ వదిలేసి వచ్చేద్దామనుకుంటున్నాం." దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. అలా అని వాళ్ళ అలసటను కొట్టిపారేయను. అది నేనూ పడ్డదే. పొద్దున లేచింది మొదలు హారన్లు, కింద అంతస్తులో డ్రిల్లింగు, అర్ధరాత్రి దాటినా ఆగని బండ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోడ్డు మీది వాహనాల రొద సగటున 53 డెసిబెల్స్ లోపు, రాత్రిపూట 45 డెసిబెల్స్ లోపు ఉండాలని చెప్పింది. అంతకు మించితే నిద్ర చెడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గుండెకూ చేటు. పెద్ద రోడ్డు మీదికి కిటికీ ఉన్న ఇళ్ళల్లో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి పట్నం చప్పుడు భరించలేకపోతున్నామని ఎవరైనా అంటే అది సుకుమారం కాదు, వాళ్ళ ఒంటికి నిజంగా జరుగుతున్న నష్టం.

కానీ ఆ నష్టానికి మందు పట్నంలోనే ఉంది. నాలుగు వీధులు లోపలికి ఇల్లు మారొచ్చు. పడకగది వెనక వైపుకు మార్చుకోవచ్చు. రెండు పొరల అద్దాల కిటికీ పెట్టించుకోవచ్చు. డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. కొందరికి అది అందదు. అయినా ఒక కుటుంబం మొత్తం సముద్రం దాటి వెళ్ళడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే వెనక వీధికి మారడం చాలా చవక. చప్పుడు ఒక్కటే మీ బాధ అయితే చప్పుడు లేని వీధి వెతుక్కోండి. దీవి దాకా రానక్కర్లేదు.

పైగా దీవి నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరన్నారు? గాలి మొదలైతే రోజుల తరబడి ఆగదు. రేకులు, తలుపులు, కట్టేసిన తాళ్ళు అన్నీ మోగుతాయి. ఎక్కడో జనరేటర్ నడుస్తూ ఉంటుంది.

అసలు సంగతి ఇది కూడా కాదు. ప్రశాంతత అన్నప్పుడు చాలామంది మనసులో ఉన్నది శబ్దం లేకపోవడం కాదు. ఎవరూ తమ జోలికి రాకపోవడం. అదే మీకు కావలసింది అయితే, నా అనుభవం మీద గట్టిగా చెబుతున్నాను, పట్నాన్ని మించిన చోటు లేదు. పట్నంలో తలుపు వేసుకుంటే వేసుకున్నట్టే. పక్కింటివాళ్ళ పేరు తెలియకుండా ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి. ఒక కొట్టువాడితో మాటామాటా వస్తే రేపటి నుంచి ఇంకో కొట్టుకు వెళ్తాం. ఒక స్నేహం చెడితే ఆ మనిషి మళ్ళీ ఎదురుపడడు. మనకు తగినవాళ్ళను మనమే ఎంచుకుంటాం, తగనివాళ్ళ నుంచి తప్పుకుంటాం.

దీవి మీద తప్పుకునే వీలు లేదు. రాత్రి మా ఇంట్లో దీపం చాలాసేపు వెలిగిందంటే పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మంలో ఉంటారు, "ఏం, ఒంట్లో బాగాలేదా?" అంటూ. లాంచీ నడిపే ఆయనకూ నాకూ ఒకసారి ఓ విషయంలో పెద్ద గొడవైంది. ఎవరిది తప్పన్నది ఇక్కడ అనవసరం. మర్నాడు నేను అవతలి ఒడ్డుకు వెళ్ళాల్సి ఉంది. ఉన్నది ఆ లాంచీ ఒక్కటే. ఎక్కాను. ఆయన చెయ్యి అందించాడు, పట్టుకున్నాను. ఇద్దరం మాట్లాడుకోలేదు, అయినా ఆ చెయ్యి లేకుండా నేను లాంచీ ఎక్కలేను, నేను తాడు విప్పకపోతే ఆయన బయల్దేరలేడు. కొన్ని వారాలకు మాటలు వాటంతటవే వచ్చాయి. ఇలాంటి బతుకు అందరికీ సరిపడదు. సరిపడకపోవడం లోపమేమీ కాదు.

మరీ ముఖ్యంగా, ఊరు ఒప్పుకోని విధంగా బతకాలనుకునే వయసులో ఉన్నవాళ్ళ గురించి చెప్పాలి. తమకు నచ్చిన మనిషిని చేసుకోవాలనుకునే అమ్మాయి, ఊళ్ళో ఎవరూ చెయ్యని పని చెయ్యాలనుకునే అబ్బాయి, నలుగురి నమ్మకాలు నమ్మని మనిషి. వంద మంది ఉన్న ఊళ్ళో వీళ్ళలాంటివాళ్ళు ఇంకొకరు ఉండకపోవచ్చు. లక్షల మంది ఉన్న పట్నంలో తప్పకుండా ఉంటారు, వెతికితే దొరుకుతారు. అలాంటి పిల్లలను "ఇక్కడే ఉండు, ఇంత మంచి గాలి ఎక్కడ దొరుకుతుంది" అని ఆపడం నాకు అన్యాయంగా తోస్తుంది. మా ఊరి నుంచి ఒకమ్మాయి వెళ్ళిపోతున్నప్పుడు పెద్దవాళ్ళు కొందరు బాధపడ్డారు. ఆమె సామాను నేనే మోసుకెళ్ళి లాంచీలో పెట్టాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ మోస్తాను.

ఇంతకీ బ్లాస్కెట్ ఎందుకు ఖాళీ అయింది? అందరూ చెప్పే కథ తుపాను, ఒంటరితనం, ఆసుపత్రి లేకపోవడం. అవన్నీ ఉన్నాయి. 1947 జనవరిలో ఒక యువకుడు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) జబ్బుతో చనిపోయాడు, సముద్రం అల్లకల్లోలంగా ఉండి సాయం అందలేదు. అదే సంవత్సరం, తిండి అయిపోయి, గాలివానలో చిక్కుకుపోయామని ఆ దీవివాళ్ళు నేరుగా ప్రధాని ఏమన్ డి వలేరాకు టెలిగ్రాం కొట్టారు. కానీ అలాంటి తుపానులు అంతకు ముందు వందేళ్ళూ వచ్చాయి. అప్పుడు తట్టుకున్నవాళ్ళు ఇప్పుడెందుకు తట్టుకోలేకపోయారు? ఒకప్పుడు నూట యాభైకి పైగా ఉన్న జనం 22కు పడిపోవడమే అసలు కారణం. పడవ తెడ్డు వెయ్యడానికి బలమున్న చేతులు కావాలి. అవి కరిగిపోయాయి. 1941లోనే ఆ దీవి బడి మూతపడింది. బడి మూతపడ్డాక పన్నెండేళ్ళు నిలబడింది ఊరు. బడి లేని ఊరికి అది చాలా ఎక్కువ కాలమనే అంటాను.

స్కాట్లండ్‌లోని సెయింట్ కిల్డా ఇంకా స్పష్టంగా చెబుతుంది. 1930లో అక్కడ మిగిలింది 36 మంది. మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్ళమని వాళ్ళే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీలో ముఖ్యంగా చెప్పుకున్నది గాలి గురించో ఆకలి గురించో కాదు. పనిచేసే మగవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, మిగిలినవాళ్ళలోనూ కొందరు పని వెతుక్కుంటూ వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నారు, వాళ్ళు పోతే మిగతావాళ్ళు ఉండలేరు, ఇదీ సారాంశం. ఆ ఏడాది ఆగస్టు 29న ఓడెక్కారు. వెళ్తూ ఒక్కో ఇంట్లో బైబిలు తెరిచి ఉంచి, పక్కన కాసిని ఓట్స్ ధాన్యపు గింజలు పోసి వెళ్ళారట. ఇది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. కానీ అంతకన్నా ఎక్కువ నన్ను పట్టుకున్నది ఆ అర్జీలోని లెక్క. ఎంతమంది ఉంటే ఊరు నడుస్తుందో, ఎంతకు పడిపోతే నడవదో వాళ్ళకు తెలుసు. అంకె ఆ గీత దాటుతుండగా చూశారు.

ట్రిస్టన్‌వాళ్ళు? వాళ్ళు వెళ్ళింది ఊరు ఊరంతా. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు, అందరూ. ఇంగ్లండ్‌లోనూ ఒకే చోట కలిసి ఉన్నారు. ముందుగా కొందరు మగవాళ్ళు వెనక్కి వెళ్ళి ఇళ్ళు బాగు చేశారు, తర్వాత మిగతావాళ్ళు వెళ్ళారు. చేతుల్లో పని ఉంది, ఆ చుట్టుపక్కల సముద్రంలో దొరికే లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యల వేట ఇప్పటికీ వాళ్ళ ప్రధాన ఆదాయం. 2,400 కిలోమీటర్లు వాళ్ళను ఆపలేదు, ఎందుకంటే కావలసిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి.

చేతులంటే ఏమిటో నేను మా జెట్టీ మీద చూశాను.

మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయనకు ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకు వాలింది, మాట ముద్దగా వస్తోంది. అది పక్షవాతమని వాళ్ళ కోడలికి వెంటనే తట్టింది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు పని చెయ్యాలంటే మొదటి లక్షణం కనిపించిన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అది కూడా స్కాన్ తీసి, రక్తనాళం చిట్లలేదని తేలాకే. స్కాన్ మిషను అవతలి ఒడ్డున ఉంది. ఆ రోజు అలలు పెద్దవి. లాంచీ జెట్టీకి ఆనుకుని నిలబడలేకపోతోంది. ఒక అల వస్తే జెట్టీ గట్టు కన్నా పైకి లేస్తుంది, అల వెనక్కి పోతే మనిషి ఎత్తున కిందికి దిగిపోతుంది. ఆ మధ్యలో, లాంచీ గట్టుకు సమంగా ఉండే ఒక్క క్షణంలో, స్ట్రెచర్ అటు మార్చాలి.

స్ట్రెచర్ నాలుగు మూలలా నలుగురు. ముందు తాడు దగ్గర ఒకరు, వెనక తాడు దగ్గర ఒకరు. అలలు చూస్తూ "ఇప్పుడు" అని చెప్పడానికి ఒకరు. ఇవతల ఏడుగురు, అవతల అందుకోవడానికి ఇంకొందరు. ఉన్నవాళ్ళం ఐదుగురం. ఒకరు బడికి పరిగెత్తి పాఠం చెబుతున్న మాస్టారిని పిలుచుకొచ్చారు. ఇంకొకరు ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఒకావిడ, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పని చేసుకునే మనిషి. ఆవిడకు వెనక తాడు ఇచ్చాం. తాడును ఇనుప గుంజకు రెండు చుట్లు తిప్పి, లాగుతున్నప్పుడు వదులుతూ, వదులైనప్పుడు బిగిస్తూ ఉండమని చెప్పాం. అరచేతులు ఒరుసుకుపోయినా వదల్లేదు. రెండు అలలు పోనిచ్చి మూడోదానికి "ఇప్పుడు" అన్నారు. పెద్దాయన లాంచీలో ఉన్నాడు. వేళకు మందు పడింది. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు గానీ నడుస్తున్నాడు, మాట తేరుకుంది.

ఆ రోజు ఏడో మనిషి లేకపోతే? మాస్టారు ఉన్నారంటే బడి ఉండబట్టి. బడి ఉందంటే పిల్లలుండబట్టి. పిల్లలున్నారంటే వాళ్ళ అమ్మానాన్నలకు ఇక్కడ అద్దెకు ఇల్లు దొరకబట్టి. దీవి మీద ఒక్కొక్కటీ ఇంకోదాని మీద ఆనుకుని ఉంటుంది, పందిరి గుంజల్లాగా. పట్నంలో ఒక కుటుంబం వెళ్ళిపోతే ఇంకో కుటుంబం ఆ ఇంట్లో దిగుతుంది, ఎవరికీ తెలియదు. ఇక్కడ ఇద్దరు పిల్లలున్న కుటుంబం వెళ్ళిపోతే బడి ఉంటుందా పోతుందా అని ఊరంతా లెక్కలు వేస్తుంది.

అందుకే నా వాదన ఇది. మిమ్మల్ని ఎవరూ పట్టించుకోని చోటు కావాలంటే పట్నంలో ఉండండి, నిశ్చింతగా ఉండండి, అందులో తక్కువతనం ఏమీ లేదు. మీ అవసరం ఉన్న చోటు కావాలంటే దీవికి రండి. ప్రశాంతత వెతుక్కుంటూ దీవికి వచ్చేవాళ్ళు, వాళ్ళకు ఎంత మంచి మనసున్నా, ఆ దీవికి నష్టమే చేస్తారు. ఇది కటువుగా అనిపించొచ్చు. కానీ ఏం జరుగుతుందో చూడండి. సముద్రం కనిపించే ఇల్లు కొంటారు. మంచి కాలంలో వస్తారు, గాలి మొదలవగానే వెళ్ళిపోతారు. మిగతా నెలలన్నీ ఆ ఇంటికి తాళం. ఊళ్ళో పుట్టి పెరిగిన కుర్రాడికి పెళ్ళయ్యాక ఉండటానికి ఇల్లు దొరకదు, ఎందుకంటే ఆ ధర పెట్టగలిగేది పట్నం జీతగాడే. ఆ కుర్రాడు వెళ్ళిపోతాడు. జెట్టీ మీద ఒక చెయ్యి తగ్గుతుంది.

ప్రభుత్వాలకు ఇది ఆలస్యంగా తెలుస్తోంది. స్కాట్లండ్‌లో 2021లో ఒక ప్రతిపాదన వచ్చింది, దీవుల్లో స్థిరపడే, లేదా ఉండిపోయే కుటుంబాలకు 50,000 పౌండ్ల దాకా ఇస్తామని, అలా వంద కుటుంబాల వరకు సాయం చేస్తామని. దీవుల్లో ఉన్నవాళ్ళను అడిగితే చాలామంది పెదవి విరిచారు. డబ్బు ఇస్తే దిగడానికి ఇల్లేది, పడవ వేళకు వస్తోందా అన్నది వాళ్ళ ప్రశ్న. మర్నాటి ఏడాది ఆ ఆలోచన వదులుకున్నారు. ఐర్లండ్ 2023లో ఇంకో దారి పట్టింది. దీవుల మీద పాడుపడ్డ ఇంటిని బాగు చేసుకుని అందులో ఉండేవాళ్ళకు 84,000 యూరోల దాకా సాయం. ఇది నాకు మెరుగైన ఆలోచనగా తోస్తుంది. మనిషి చేతిలో డబ్బు పెట్టడం కన్నా తాళం పడిన ఇంటి తలుపు తెరిపించడం ఊరికి ఎక్కువ మేలు.

బడి విషయంలో జపాన్ చూపిన దారి నాకు చాలా ఇష్టం. ఓకి దీవుల్లో ఆమా అనే ఊరుంది, జనం రెండువేల చిల్లర. అక్కడి హైస్కూల్లో పిల్లలు తగ్గిపోయి, 2008 నాటికి తొంభై మంది లోపుకు వచ్చారు. మూసేస్తారన్న మాట వచ్చింది. హైస్కూలు పోతే పదిహేనేళ్ళ పిల్లలున్న ప్రతి ఇల్లూ ఊరు వదలాల్సిందే. అప్పుడు వాళ్ళు పెద్ద నగరాల నుంచి పిల్లలను రమ్మని పిలిచారు, వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకోమని, ఊరివాళ్ళతో కలిసి ఊరి సమస్యల మీద పనిచెయ్యమని. పదేళ్ళు తిరిగేసరికి పిల్లల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఆ పిల్లల్లో చాలామంది చదువు అయ్యాక వెళ్ళిపోతారు, అది సహజం. కానీ ఉన్నన్నాళ్ళూ బడి నడుస్తుంది, బడి నడుస్తున్నన్నాళ్ళూ ఊరి కుటుంబాలు ఉంటాయి. ఊరికి కావలసింది విశ్రాంతి కోసం వచ్చేవాళ్ళు కాదు, చెయ్యడానికి పని ఉండి వచ్చేవాళ్ళు అని ఆమావాళ్ళకు తెలుసు.

ఇక రోజువారీ సంగతులు. ఇవి పట్నం నుంచి వచ్చినవాళ్ళను మొదట్లో బాగా విసిగిస్తాయి కాబట్టి చెప్పక తప్పదు. ఇసుకతోనో పగడపు రాయితోనో ఏర్పడిన చిన్న దీవుల్లో తాగునీరంటే వాన నీరే. అది నేలలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తు ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు ఉంటుంది. అంటే మోటారు పెట్టి తోడేసి పైన కాస్త తగ్గిస్తే, కింద ఉప్పునీరు దానికి నలభై రెట్లు పైకి వస్తుంది. ఒక్క ఇంటివాళ్ళు ఇష్టం వచ్చినట్టు తోడితే చుట్టుపక్కల బావులన్నీ ఉప్పు తేలతాయి. కరెంటూ అంతే. స్కాట్లండ్‌లోనే ఎగ్ అనే దీవిని 1997లో దాని మీద ఉండేవాళ్ళే చందాలతో కొనుక్కున్నారు. 2008లో గాలి, ఎండ, వాగునీరు మూడింటితో సొంత కరెంటు పెట్టుకున్నారు. అక్కడ ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. పొయ్యి మీద వంట అవుతుండగా గీజరు వేసి, దాని మీద ఇంకేదో వేస్తే హద్దు దాటిపోతుంది, కరెంటు ఆగిపోతుంది. ఏది ముందు, ఏది తర్వాత అని ఇంట్లో మాట్లాడుకుని వాడాలి. కొన్నప్పుడు అరవై చిల్లర ఉన్న జనం ఇప్పుడు వంద దాటారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది, హద్దు అందరికీ ఒకటే పెట్టుకోవడం. పక్కింటి దీపం ఆరిపోకూడదని మన వాడకం తగ్గించుకోవడం వాళ్ళకు రోజూ జరిగే పని.

పట్నంలో బిల్లు కడితే చాలు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియనక్కర్లేదు. ఆ నిశ్చింత కూడా మనిషికి మేలే చేస్తుంది, అలా మిగిలిన వేళను, మనసును ఇంకో పనిలో పెట్టొచ్చు. గొప్ప వైద్యులు, శాస్త్రవేత్తలు, సంగీతం నేర్పేవాళ్ళు పట్నాల్లో ఎక్కువగా ఎదగడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. మా పెద్దాయనకు పడిన ఆ మందు కూడా ఏ దీవి మీదా తయారైంది కాదు. పట్నాన్ని తిట్టి దీవిని పొగిడేవాళ్ళతో నేను ఎప్పటికీ ఏకీభవించను.

వస్తామంటున్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, మంచి రోజుల్లో వచ్చి చూసి నిర్ణయించుకోకండి. ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ నెలలో రండి, లాంచీ రెండు మూడు రోజులు ఆగిపోయే కాలంలో. కూరగాయలు అయిపోయి, మొబైల్ సిగ్నల్ పోయి, ఊళ్ళో అందరూ కొట్టు ముందు నిలబడి మబ్బు వంక చూస్తున్నప్పుడు మీకెలా ఉందో చూసుకోండి. చివరి లాంచీ ఎన్నింటికి, గాలి ఎంత ఉంటే ఆపేస్తారు, రాత్రి జబ్బు చేస్తే హెలికాప్టర్ వస్తుందా, పొగమంచులో వస్తుందా అని అడగండి. బడిలో ఎంతమంది పిల్లలున్నారు, వాళ్ళలో చిన్న తరగతుల్లో ఎందరు అని అడగండి, వచ్చే పదేళ్ళు అందులోనే తెలుస్తాయి. పిల్లలు పెద్ద తరగతులకు వచ్చాక వారమంతా అవతలి ఒడ్డున హాస్టల్లో ఉండి, వారాంతానికి ఇంటికి రావాల్సి ఉంటుందేమో కనుక్కోండి. చాలా దీవుల్లో అంతే. పన్నెండేళ్ళ పిల్లను అలా పంపడం తేలికని నేను చెప్పను. సోమవారం పొద్దున మా జెట్టీ మీద తల్లులు నిలబడే తీరు చూశాను కనుక అసలు చెప్పను.

ఇంకొకటి కూడా అడగండి, ఈ ఊళ్ళో ఏ పనికి మనిషి తక్కువగా ఉన్నారు అని. ఈ ప్రశ్న అడిగిన క్షణంలో ఊరు మీ వైపు చూసే చూపు మారిపోతుంది. మోటార్లు బాగుచెయ్యడం వచ్చా? నర్సుగా చేశారా? లెక్కలు రాయగలరా? ఏదీ రాకపోయినా తాడు పట్టుకోగలరా?

నా మాటేమిటంటే, నేనిక్కడ ఉండటానికి కారణం ఇక్కడి గాలో, నీళ్ళో, సూర్యోదయమో కాదు. పట్నంలో నేను బాగానే బతికాను, నా పని నేను చేసుకున్నాను, నేను లేకపోయినా అన్నీ జరిగిపోయేవి. అది కొందరికి స్వేచ్ఛ. నాకు మాత్రం అది లోపల ఎక్కడో ఖాళీగా ఉండేది. ఇక్కడ రెండు రోజులు నేను కనిపించకపోతే లాంచీ తాడు దగ్గర ఒక మనిషి తక్కువవుతాడు. ఆ భారం నాకు కావాలి.

ఎల్లకాలం మోయగలనని మాత్రం మాట ఇవ్వలేను. మా ఊళ్ళోనే ఒకాయనకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, గాలి ఉన్నా అలలున్నా తప్పకూడదు. ఆయన జీవితమంతా ఈ దీవి మీదే గడిపినవాడు. అవతలి ఒడ్డున ఆసుపత్రి పక్క వీధిలో అద్దెకు దిగాడు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. అదే జబ్బు రేపు నాకో, నా భార్యకో వస్తే మేమూ పట్నానికే వెళ్తాం, ఒక్క రోజు కూడా ఆలోచించం. ఒక్క విషయం మాత్రం ఇద్దరం ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాం. సెలవులకు వచ్చి పోవడానికని ఈ ఇంటికి తాళం వేసుకుని వెళ్ళం, పిల్లలున్న కుటుంబం ఎవరైనా ఉంటే వాళ్ళకు అద్దెకిచ్చి వెళ్తాం.